మేడ మీదున్న సైకిల్‌ని ముందు కిందికి దించండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి. మా పాపకు పదమూడేళ్లు నిండాయి. ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. ఎనిమిది నెలల క్రితం పెద్దమనిషి అయింది. అంతకుముందు వీధిలో సైకిల్ తొక్కుతూ తిరిగేది. కాస్త బొద్దుగా ఉన్నా మేం పట్టించుకోలేదు. ఫంక్షన్ అయ్యాక సైకిల్ మేడ మీద పెట్టేశాం. ఈ ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగింది. పొద్దున ఏడుంపావుకు స్కూల్ బస్సు, స్టడీ అవర్ ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. స్కూల్లో ఆటస్థలం లేదు. మొన్న ఒంగోల్లో పెళ్లికి వెళ్తే మా పెద్దాడపడుచు అందరి ముందూ 'ఏందమ్మా, మీ అమ్మకు అక్కలాగున్నావు' అనింది. ఆ రోజు నుంచి పాప పొద్దున టిఫిన్ తినడం లేదు, క్యారియర్‌లో సగం అన్నం వెనక్కి తెస్తోంది. అయినా బరువు తగ్గలేదు. నేనిచ్చే ముప్పై రూపాయలతో స్కూల్ దగ్గర పఫ్, చిప్స్, కూల్‌డ్రింక్ కొనుక్కుంటోందని తెలిసి బాగా తిట్టాను. మెడ వెనక మట్టి పట్టినట్టు నల్లగా ఉంది, నలుగు పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదు. మా అత్తమ్మేమో 'పెరిగే బిడ్డ, తిననీ' అంటుంది. మా ఆయనకు అంగడి ఉంది. రాత్రి పదికి వస్తూ పాప కోసం ఏదో ఒకటి తెస్తారు. పక్కింటావిడ నెలకు మూడు వేల రూపాయల పౌడర్ తాగిస్తే తగ్గిపోతుందని చెప్తోంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నా పేరు వేయకండి.
– ఒక తల్లి, కావలి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ మెడ సంగతి చెప్తాను. ఈ ఆదివారం కూడా మీరు నలుగు కలుపుతారేమోనని నా భయం. అది మట్టి కాదు. రుద్దితే పోదు, రుద్దే కొద్దీ చర్మం గరుకెక్కుతుంది. రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. బరువు బాగా పెరిగినప్పుడు దాని మాట కండరాలు సరిగా వినవు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో అలా ఎక్కువైన ఇన్సులిన్ వల్ల మెడ వెనక, చంకల్లో చర్మం మందమై, మఖ్మల్ గుడ్డ తాకినట్టుండి, నల్లబడుతుంది. అంటే పాపకు షుగర్ వచ్చేసిందని కాదు. ఇప్పుడు మేల్కొంటే రాకుండా చూసుకునే వీలుందని. బరువు దారికొస్తే ఆ నలుపు కూడా మెల్లగా తగ్గుతుంది. శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చింది కాదని ఈ రోజే పాపకు చెప్పండి. 'ఇన్నాళ్లూ నాకు తెలియక రుద్దాను తల్లీ' అని ఒక్క మాట అనండి. పదమూడేళ్ల పిల్ల తన ఒంటిని తానే అసహ్యించుకోవడం మొదలుపెడితే, ఆ తర్వాత మనం ఎంత మంచి తిండి పెట్టినా మనసారా తినదు.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. పరగడుపున షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్ పరీక్ష, బీపీ, హిమోగ్లోబిన్ వంటివి ఏవి అవసరమో వాళ్లు చెప్తారు. లావుగా ఉన్న పిల్లకు రక్తం ఎందుకు తక్కువుంటుందని అనుకోవద్దు. 2016-18లో దేశమంతా జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కడుపు నిండుతున్నా ఇనుము అందని పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. పఫ్‌లో మైదా, నూనె తప్ప రక్తం పట్టేదేమీ లేదు కదా. చుట్టాలు మొదట అనేది థైరాయిడ్ అని. థైరాయిడ్ లోపం ఉన్న పిల్లలు సాధారణంగా ఎత్తు పెరగడం కూడా మందగిస్తారు. అవసరమైతే డాక్టరే ఆ పరీక్ష రాస్తారు, మీరు ముందే బెంగపడకండి. నెలసరి మొదటి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ కావడం మామూలే. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం చెప్పాలి.

ఇక బరువు. మీరు రాసిన అంకెలతో లెక్కేస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే అంకె, 27కి దగ్గరగా వస్తుంది. పెద్దవాళ్ల పట్టికను పిల్లలకు పెట్టకూడదు. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి గీతలు మారతాయి. దానికోసం భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన చార్టులున్నాయి. ఆ చార్టులో మీ పాప అధిక బరువు గీత దాటే ఉంటుంది, ఎంత దాటిందో డాక్టర్ చూపిస్తారు. ఇంట్లో చూసుకోవడానికి చిన్న ఉపాయం చెప్తాను. ఒక దారం తీసుకుని పాప ఎత్తుకు సరిగ్గా కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పితే కొసలు కలవాలి. కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువున్నట్టు. ముందు మీరు మీ దారంతో కొలుచుకోండి, పాప ఎదురుగానే. తర్వాత తన దారం తనకిచ్చి, నెలకోసారి తనే చూసుకోమనండి. ఎంతొచ్చిందని అడగకండి.

పదిహేను కిలోలు తగ్గించాలని ఇప్పుడే కూర్చోవద్దు. పెద్దమనిషి అయ్యాక ఎత్తు పెరగడం నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఇంకో ఐదారు సెంటీమీటర్లు పెరిగే పిల్లలు చాలామంది. ఎత్తు 157కి చేరేదాకా బరువు 62 దగ్గరే నిలబెట్టగలిగితే, ఒక్క కిలో తగ్గకుండానే ఆ 27 కాస్తా 25కి వస్తుంది. ముందు పెరగకుండా ఆపుదాం. అంతకు మించి తగ్గించాలా అన్నది రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పాల్సిన మాట.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు పఫ్ గురించి, పౌడర్ గురించి అడిగారు. నాకైతే మీరు ఒక్క ముక్కలో రాసేసి ముందుకెళ్లిన ఆ సైకిల్ దగ్గరే మనసు పట్టుకుంది. ఎనిమిది నెలల క్రితం దాకా ఆ పిల్ల తిన్నది వీధిలో కరిగిపోయేది. ఒక్క ఫంక్షన్‌తో సైకిల్ పోయింది, సాయంత్రాలు తోడుండే స్నేహితులు పోయారు, ఎండ పోయింది. మిగిలింది బస్సు సీటు, స్కూలు బెంచీ, ఇంట్లో సోఫా. మీరు చెడు చేయాలని చేయలేదు, మన వైపు అందరిళ్లలో జరిగేదే ఇది. చీర కట్టించి, చిమ్మిలి తినిపించి, 'బలం రావాలి' అని నెయ్యి పోసి, అదే వారంలో ఆటలు మాన్పిస్తాం. తిండి పెంచి కదలిక ఆపేస్తే ఏ ఒళ్లయినా అంతే చేస్తుంది. నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బళ్లకు వెళ్లినప్పుడు 'సాయంత్రం ఏం ఆడతారు?' అని అడుగుతుంటాను. ఆరో తరగతి ఆడపిల్లలు చేతులెత్తి అరుస్తారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ మూడేళ్లలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బరువు కోసమే కాదు. జీవితాంతం మోసే ఎముకల బలం పేరుకునేది ఎక్కువగా ఈ వయసులోనే. నెలసరి రోజుల్లో కూడా, నొప్పి లేకపోతే, సైకిల్ తొక్కవచ్చు. స్కూలు రెండు మూడు కిలోమీటర్ల లోపుంటే, దారి భద్రంగా ఉంటే, ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపి సైకిల్ మీద పంపండి. దూరమైతే వారానికి రెండు రోజులైనా స్టడీ అవర్ మాన్పించండి. ఎనిమిదో తరగతి పిల్లకు రాత్రి ఏడింటిదాకా చదువెందుకో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. ఆ రెండు సాయంత్రాలు తాడాటో, షటిలో, వీధిలో సైకిలో, ఏదైనా తనకు నచ్చింది. ఆదివారం అందరూ కలిసి తుమ్మలపెంట బీచ్‌కు వెళ్లండి. ఇసకలో అరగంట నడిస్తే మీకే తెలుస్తుంది ఎంత పనో.

ఇప్పుడు తిండికొద్దాం. రాత్రి పదింటికి నాన్న తెచ్చింది తింటుంది. పొద్దున ఏమీ తినదు. మళ్లీ నోట్లో ముద్ద పడేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. పద్నాలుగున్నర గంటల ఉపవాసం అది. అప్పుడు కూడా సగమే. సాయంత్రం నాలుగున్నర బ్రేక్‌కు ఆ కడుపులో ఉండే ఆకలిని తలుచుకోండి. చేతిలో ముప్పై రూపాయలు, గేటు బయట వేడి పఫ్ వాసన. అక్కడ నిలవగలిగే పెద్దవాళ్లు కూడా తక్కువే, చెల్లెమ్మా. అది ఆకలి, దొంగతిండి కాదు. తిట్టడం వల్ల ఒకటే మారుతుంది, రేపటి నుంచి మీకు తెలియకుండా తింటుంది.

అందుకే మొదట పొద్దున తిండిని తిరిగి తెప్పించండి. నాలుగు ఇడ్లీలు ముందు పెట్టి బతిమాలకండి. మొదటి వారం ఒక ఉడికించిన గుడ్డు, అరటిపండు బస్సులో తింటుందేమో చూడండి. లేకపోతే మజ్జిగ కలిపిన రాగి జావ గ్లాసుడు. అలవాటయ్యాక ఒక కారం దోసె, దాంతో గుడ్డు. పెసరట్టు ఇంకా మంచిది. ఎండాకాలం పెరుగేసిన సద్దన్నం, పచ్చి ఎర్రగడ్డ. దాంట్లో తప్పేమీ లేదు, కొలత తప్పకుంటే చాలు.

రెండోది, సాయంత్రానికి వేరే డబ్బా. నా అనుభవంలో ఈ ఒక్క డబ్బా చేసినంత మేలు ఏ డైట్ చార్టూ చేయలేదు. మధ్యాహ్నం క్యారియర్‌తో పాటు చిన్న డబ్బాలో శెనగ గుగ్గిళ్లు పెట్టండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో పండే శెనగలకు మనకేం కొదవ. రాత్రి నానేసి, పొద్దున కుక్కర్‌లో ఉడికించి, నీళ్లు వంపి, చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు. పూర్తిగా ఆరాకే మూత పెట్టండి, వేడిగా మూసేస్తే సాయంత్రానికి పాచి వాసనొస్తుంది. సన్నగా తరిగిన ఎర్రగడ్డ, అరచెక్క నిమ్మకాయ విడిగా పెడితే పాప అక్కడ పిండుకుంటుంది. నిమ్మరసంలోని సి విటమిన్ శెనగల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. ఒక రోజు శెనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు ఉడకబెట్టిన శెనక్కాయలు, జామకాయ. స్నేహితులు నలుగురు చేయి పెడతారు, కాబట్టి గుప్పెడు ఎక్కువే వేయండి. ఈ డబ్బా బాధ్యత అత్తమ్మగారికి అప్పగించండి. 'పెరిగే బిడ్డ, తిననీ' అన్న ఆవిడ మాటలో సగం నిజముంది. ఆవిడ చేత్తో గుగ్గిళ్లు తాలింపు పడితే ఆ ప్రేమ సరైన చోటికి చేరుతుంది.

ముప్పై రూపాయలు పూర్తిగా ఆపేయకండి. శనివారం ఒక్కరోజు ఇవ్వండి, స్నేహితులతో కలిసి పఫ్ తిననివ్వండి. ఏదీ ఎప్పటికీ వద్దంటే దాని మీదే ధ్యాస ఉంటుంది.

కూల్‌డ్రింక్ మాత్రం మానాల్సిందే. ఎలా మాన్పించాలంటే, చెప్పి కాదు, చూపించి. నెల్లూరులో ఒక బడికి వెళ్లినప్పుడు నేను విటమిన్ల పట్టిక చెప్పడం మొదలుపెడితే పిల్లలు ఆవలించారు. అప్పుడు సంచిలోంచి పావు లీటరు కూల్‌డ్రింక్ సీసా, చక్కెర డబ్బా, చెంచా తీసి బల్ల మీద పెట్టాను. ఒక అమ్మాయిని పిలిచి లేబుల్ చదవమన్నాను. నూరు మిల్లీలీటర్లకు చక్కెర పదిన్నర గ్రాముల పైన ఉంది. 'అయితే సీసా మొత్తానికి?' అన్నాను. వెనక బెంచీ పిల్లాడు లెక్కేసి ఇరవై ఆరు అన్నాడు. గాజు గ్లాసులో ఆ అమ్మాయే చెంచాతో చక్కెర పోసింది. నాలుగో చెంచాకు క్లాసు నిశ్శబ్దమైంది, ఐదు దాటి ఆరో చెంచాకు వచ్చేసరికి ఒకడు 'చాలు మేడమ్' అని అరిచాడు. మనిషికి రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అదంతా ఒక్క సీసాలోనే అయిపోయింది. పాపతో మీ వంటింట్లో ఇదే చేయించండి. పాలల్లో కలిపే చాక్లెట్ పొడి డబ్బా లేబుల్ కూడా చదివించండి. అలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్' అని చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా అయిపోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, మన ఒంటికి అందే శక్తిలో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన కంచాల్లో అన్నమే కొండలా ఉంటుంది, కూర పక్కన అలంకారం. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర, గుడ్డు లేదా చేప ఆ చోట పెట్టండి. పప్పుచారు పలచగా పోసుకుని పప్పు తిన్నామనుకోవద్దు, ముద్దపప్పు వేయండి. చేపలకు పేరుపడ్డ జిల్లాలో ఉన్నారు, వారానికి రెండు రోజులు పులుసు పెట్టండి, వేపుడు పండక్కి చాలు. రాగి సంగటిలో చేపల పులుసు వద్దనే పిల్ల ఉండదు. మీ ఇంట్లో నలుగురు కదా, నెలకు మూడు లీటర్ల నూనె దాటకుండా చూసుకోండి. ఇవన్నీ ఇంటిల్లిపాదికీ. పాప కంచం ఒక్కటే వేరుగా ఉంటే అది శిక్షలాగుంటుంది.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి. రోజంతా అంగట్లో నిలబడిన మనిషి, బిడ్డ మొహంలో నవ్వు చూడాలని చికెన్ పకోడీయో మలై కాజానో తెస్తారు. ఆ ప్రేమను కాదనను. కానీ వారానికి మూడు రోజులు ఒక గంట ముందొచ్చి కూతురితో మేడ మీద షటిల్ ఆడితే, ఆ పొట్లం కన్నా పాపకు అదే గుర్తుంటుంది. తెచ్చే రోజు జామకాయలో, బత్తాయిలో తెమ్మనండి. పది దాటాక ఇంట్లో ఏమీ తినకూడదు, ఫోన్లు కూడా పడుకోవాలి. ఈ వయసుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకు మనసు పోతుంది.

మీ ఆడపడుచు మాట ఇంకా పాప గుండెలో ఉంది, తిండి మానేసింది అందుకే. ఫోన్ చేసి మెత్తగానే చెప్పండి, 'వదినా, పాప ఒంటి గురించి ఇకమీదట దాని ముందు ఎవరూ ఏమీ అనొద్దు, అది తిండి మానేస్తోంది' అని. చెప్పడానికి మొహమాటమైతే మీ ఆయన చేత చెప్పించండి, ఆయన అక్కే కదా. మీరు కూడా 'లావు' అన్న మాట ఇంట్లో మానేయండి. పాప తిన్నాక బాత్రూంలోకి వెళ్లి కక్కుకోవడం, తిండి దాచుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, జుట్టు గుత్తులుగా ఊడటం, అన్నం పేరెత్తితే ఏడవడం, వీటిలో ఏది కనిపించినా బరువు సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అది బరువు కన్నా ప్రమాదం.

పౌడర్ వద్దు. పెరిగే పిల్లకు భోజనం బదులు పొడి తాగించడం ఎంతమాత్రం సరికాదు. ఆ మూడు వేలు పెడితే గుడ్లు, శెనగలు, పళ్లు ఇంటందరికీ నెలంతా వస్తాయి.

స్కూలుకు కూడా వెళ్లండి, ఒక్కరే కాదు, ఇంకో నలుగురు తల్లుల్ని కలుపుకుని. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలో గానీ, గేటుకు 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. సీబీఎస్‌ఈ 2025లో తన బళ్లన్నిటికీ, ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో చూపే 'షుగర్ బోర్డు' పెట్టమంది. మీది రాష్ట్ర సిలబస్ అయినా పెట్టమని అడగండి, చార్టు కాగితం ఖర్చే కదా. ఆటల పీరియడ్ ఉందా, ఉంటే దాన్ని లెక్కల మాస్టారు తీసేసుకుంటున్నారా అనీ అడగండి. మన ప్రభుత్వ బళ్లలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు. ఫీజులు కట్టి చదివించే పిల్లలకు సాయంత్రం పఫ్ దిక్కవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. ఇంత ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, ఆడపడుచువి, అత్తమ్మవి, పక్కింటావిడవి. పాప ఏమంటోందో మాత్రం ఒక్క లైను కూడా లేదు. ఈసారి ఉత్తరం తననే రాయనివ్వండి. ఏ డబ్బా నచ్చిందో, ఏది నచ్చలేదో, సైకిల్ మీద ఎందాకా వెళ్లొచ్చిందో. మీరు చదవకుండానే కవరు అంటించి పంపండి.